వేపలోని శిలీంద్రం వరి ఎండాకు తెగులును ఆపుతుందా?

ప్రశ్న: మూడెకరాల్లో సాంబ మసూరి (బీపీటీ 5204) రకం వేశాను. పిలకల దశలో ఆకులు కొస నుంచి అంచుల వెంట ఎండుతున్నాయి. వేప చెట్టు లోపల పెరిగే శిలీంద్రంతో చేసిన పొడి చల్లితే బాక్టీరియా చస్తుందని దుకాణంలో చెబుతున్నారు. వాడవచ్చా?
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: ముందు తెగులేదో తేల్చుకోండి. ఎండుతున్న చోట కొంత పచ్చ భాగం కూడా వచ్చేలా ఆకును కత్తిరించి, కోసిన వైపు మునిగేలా గాజు గ్లాసులో తేట నీటిలో ఉంచండి. కొద్ది నిమిషాల్లో తెల్లటి జిగురు దారంలా కిందికి జారితే అది బాక్టీరియా ఎండాకు తెగులే.

ఇక ఆ పొడి సంగతి. మొక్కకు హాని చేయకుండా దాని కణజాలంలోనే బతికే శిలీంద్రాలు ఉన్న మాట నిజమే. వాటిని ఎండోఫైట్లు అంటాం. వేప వేరులో ఉండే క్లోరిడియం అనే శిలీంద్రం నుంచి బాక్టీరియాను అణచే జావనిసిన్ అనే పదార్థాన్ని వేరు చేసినట్టు బనారస్ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రకటించారు. అయితే అది గట్టిగా అణచింది సూడోమోనాస్ బాక్టీరియాను. మీరు విత్తనశుద్ధికి వాడే మేలు చేసే సూడోమోనాస్ కూడా ఆ ప్రజాతిదే! కాబట్టి బాక్టీరియాను చంపుతుందని ఎవరైనా అంటే, ఏ బాక్టీరియానో అడగండి. ఎండాకు తెగులు తెచ్చేది జాంథోమోనాస్ అనే వేరే బాక్టీరియా. పైగా ప్రయోగశాలలో శుద్ధి చేసిన పదార్థం వేరు, సంచిలోని పొడి వేరు. చెట్టు నుంచి బయటికి తీసి మళ్లీ మళ్లీ పెంచితే ఇలాంటి శిలీంద్రాలు ఆ పదార్థాన్ని తయారుచేయడం మానేయడం కూడా మామూలే. ప్యాకెట్ మీద కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు, వరి ఎండాకు తెగులు పేరు రెండూ లేకపోతే కొనవద్దు.

స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌లు కలిపిన స్ట్రెప్టోసైక్లిన్ మందు వైపూ పరుగెత్తవద్దు. పంటలపై స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వాడకం ఆపాలంటూ కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులోనే ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. మనుషుల జబ్బులకు ఆ మందులు పనిచేయకుండా పోతాయన్న భయమే కారణం.

యూరియా వేయడం వెంటనే ఆపండి. మడిలో నీరు తీసి ఆరబెట్టండి, ఆ నీటిని మాత్రం పక్క మడిలోకి వదలవద్దు. మంచు తడి ఆరకముందు చేలో తిరగవద్దు. వచ్చే పంటకు ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వేయండి. హైదరాబాద్‌లోని జీవకణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకును తట్టుకునే మూడు జన్యువులను చేర్చి తెచ్చిన రకమిది, 2008లో విడుదలైంది. నాటేటప్పుడు నారు కొసలు తుంచకండి. ఆ గాయాల గుండానే బాక్టీరియా లోపలికి పోతుంది.