సీఏ పిల్లల నిజాయితీ తేలేది పేపర్‌లో కాదు, ఆర్టికల్‌షిప్‌లో

మీ తమ్ముడు సీఏ ఇంటర్‌లో ఎథిక్స్ (వృత్తి నీతి) చదువుతున్నాడు, చెన్నైలో ఆర్టికల్‌షిప్‌కి, అంటే ఆడిట్ ఆఫీసులో చేయాల్సిన శిక్షణకి చూస్తున్నాడు, ఆ పేపర్ వల్ల పిల్లలు ఏమైనా మారతారా అని అడిగారు. పేపర్ మంచిదే. కానీ అందులో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే వోచర్ (ఖర్చుకి రుజువుగా పెట్టే కాగితం) తిప్పి చూడకుండా టిక్కులు కొట్టేయడం నేను కళ్లారా చూశాను.

నేను టీ నగర్‌లో ఓ చిన్న ఆడిట్ ఫర్మ్‌లో ఆర్టికల్‌షిప్ చేశాను. మొదట్లో నెల్లూరు సీనియర్ ఒకాయన పక్కన కూర్చోబెట్టారు. సౌకార్‌పేటలో ఓ హోల్‌సేల్ పార్టీ (క్లయింట్) దగ్గర క్యాష్ వోచర్ల కట్ట విప్పితే, అట్టపెట్టెలు సప్లై చేసే ఒకే మనిషికి వరుస తేదీల్లో 9,800, 9,500, 9,900, అన్నీ ఒకే చేతిరాత. ఒక మనిషికి ఒకే రోజు 10,000 దాటి క్యాష్ ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు ఒప్పుకోరు కదా, అందుకే ఆ ముక్కలు. వాటిలో ఒకటి పొంగల్ రోజుది. ఆ సీనియర్ అన్న గొంతు పెంచలేదు, "పొంగల్‌కి కొట్టు తెరిచారా?" అని అకౌంటెంట్‌ని తమిళంలో అడిగి, ఆడిట్‌లో వచ్చిన సందేహాలు రాసే క్వెరీ షీట్‌లో రాసేశాడు. ఫర్మ్ నడిపే మా సార్ కూడా దాన్ని కొట్టేయలేదు. అప్పట్నుంచి వోచర్ పట్టుకుంటే నా కన్ను ముందు తేదీ మీదకే పోతుంది.

నా బ్యాచ్‌మేట్‌కి ఇంకో ఫర్మ్‌లో దొరికిన సీనియర్ "పాత పార్టీ, టిక్ పెట్టెయ్" రకం. వాడు నాకంటే తెలివైనవాడు. కొన్నాళ్లకి ఖాతాలో ఎంత ఉందో బ్యాంకు ఆడిటర్‌కి రాసిచ్చే కన్ఫర్మేషన్ లెటర్లు కూడా క్లయింట్ అకౌంటెంట్ చేతికే ఇచ్చి తెప్పించుకునేవాడు, అదేం తప్పన్నట్టు. సత్యం కంప్యూటర్స్ బ్యాంకులో లేని 5,040 కోట్లు ఉన్నట్టు లెక్కల్లో చూపించిందని, అది 2009లో బయటపడిందని మన ఊళ్లలో అందరూ చెప్పుకుంటారు, ఆడిటర్ నేరుగా బ్యాంకునే ఎందుకు అడగాలో మాత్రం ఆఫీసులో ఎవరో ఒకరు చేసి చూపిస్తేనే తెలుస్తుంది.

భయం సంగతీ ఉంది. ఎగ్జామ్ లీవు, చివర్లో శిక్షణ పూర్తయిందని చెప్పే 108 ఫారం మీద సంతకం, అన్నీ ప్రిన్సిపల్ (శిక్షణ ఇచ్చే సీఏ) చేతిలోనే, ఎదురు చెప్పడానికి ఎవరికి ధైర్యం వస్తుంది?

అన్నిటికంటే చెడ్డది డమ్మీ ఆర్టికల్‌షిప్. కోచింగ్‌లో కూర్చుని ఆఫీసులో ఉన్నట్టు అటెండెన్స్ వేయించుకోవడం, దానికి ఇంట్లోవాళ్ల సాయం కూడానూ! వృత్తిలో పెట్టే మొదటి సంతకమే అబద్ధం.

స్టైపెండ్ తర్వాత చూసుకోవచ్చు. ఆ ఫర్మ్‌లో ఇప్పుడు చేస్తున్న పిల్లల్ని టీ కొట్టు దగ్గర పట్టుకుని, క్వెరీ రాస్తే సార్ ఏమంటారో అడగమనండి. "క్వెరీలా, అవన్నీ ఎవరు రాస్తారు" అంటే వేరే ఫర్మ్ వెతుక్కోమనండి.