కర్సర్లు ఎక్కడ చిక్కుకుంటున్నాయి?

ప్రశ్న: బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణానికి జావా, ఒరాకిల్ డేటాబేస్‌తో బిల్లింగ్ ప్రోగ్రాం రాశానండి. రోజంతా ఒకే కనెక్షన్. సాయంత్రానికి ‘ఓఆర్‌ఏ-01000’ ఎర్రర్ వచ్చి, ఓపెన్ కర్సర్ల (ఒక్కో క్వెరీకి డేటాబేస్ తెరిచే పని చోటు) పరిమితి దాటిందని ఆగిపోతోంది. రిజల్ట్‌సెట్‌ని (క్వెరీ ఫలితాన్ని) మూసేస్తూనే ఉన్నాను. పరిమితి పెంచమంటారా?
– పాఠకుడు, గంజాం జిల్లా

జవాబు: వద్దండి. ఒక్కో సెషన్‌కి (కనెక్షన్‌కి) డీఫాల్ట్ పరిమితి 50. దాన్ని 500 చేసినా లీకు (మూయని కర్సర్లు పేరుకోవడం) ఆగదు, ప్రోగ్రాం ఇంకాస్త ఆలస్యంగా ఆగిపోతుంది, అంతే. ఒరాకిల్‌లో రిజల్ట్‌సెట్ ఒక్కటే మూస్తే కర్సర్ విడుదల కాదు, క్వెరీని పంపే స్టేట్‌మెంట్‌నీ మూయాలి. బిల్లు లూపులో ప్రతి చీరకూ కొత్త ప్రిపేర్డ్‌స్టేట్‌మెంట్ (విలువలు తర్వాత నింపుకునే స్టేట్‌మెంట్) తయారవుతోందేమో ముందు చూడండి. దాన్ని లూపు బయట ఒక్కసారే తయారుచేసి, లోపల పారామీటర్లు (ఆ విలువలు) మాత్రం మార్చండి.

క్లోజ్‌ని మెథడ్ చివర రాస్తే, మధ్యలో ఎక్సెప్షన్ (ఎర్రర్) వచ్చినప్పుడు అది నడవదు. జావా 7 నుంచి ఉన్న ట్రై-విత్-రిసోర్సెస్ వాడండి: బయటి ట్రైలో స్టేట్‌మెంట్, పారామీటర్లు పెట్టాక లోపలి ట్రైలో రిజల్ట్‌సెట్. ఎక్సెప్షన్ వచ్చినా రెండూ వాటంతటవే మూసుకుంటాయి.

క్లాసులోంచి రిజల్ట్‌సెట్‌ని రిటర్న్ చేసే అలవాటుంటే దయచేసి మానేయండి. ఎవరు మూయాలో తెలియకుండా పోయేది అక్కడే. వరుసల్ని ఆబ్జెక్టుల లిస్టులో నింపి ఆ లిస్టునే ఇవ్వండి.

నెలాఖరు రిపోర్టు నెమ్మదిస్తే అది వేరే సంగతి. ఒరాకిల్ డ్రైవర్ (జావాను డేటాబేస్‌తో కలిపేది) మామూలుగా విడతకు 10 వరుసలే తెస్తుంది. 5,000 వరుసలకు 500 విడతలు. సెట్‌ఫెచ్‌సైజ్‌తో 100 పెడితే 50 విడతలు చాలు.