సోనిక్స్ వెళ్లిపోయాక సియాటిల్‌లో మేం ఎలా తట్టుకున్నాం

ప్రశ్న: "ఒక నగరం ఏళ్ల తరబడి అభిమానించిన బాస్కెట్‌బాల్ టీమ్ వేరే నగరానికి తరలిపోతే అక్కడి ఫ్యాన్స్ ఎలా తట్టుకుంటారు? కొత్త ఊళ్లోనూ అదే టీమ్‌ను సపోర్ట్ చేస్తారా?"

రెండో ప్రశ్నకు ముందు జవాబిస్తాను. చేయాల్సిన పని లేదు. నేను చేయలేదు. నాకు తెలిసిన సియాటిల్ ఫ్యాన్స్‌లో చేసినవాళ్లు చాలా తక్కువ. 2008లో సియాటిల్ సూపర్‌సోనిక్స్ ఓక్లహోమా సిటీకి వెళ్లిపోయి థండర్ అని పేరు మార్చుకుంది. అప్పుడు నేను సియాటిల్ పక్కనే రెడ్‌మండ్‌లో ఉన్నాను, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. కాబట్టి మొదటి ప్రశ్నకు నా అనుభవం నుంచే చెప్తాను.

నేను 2004లో ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాను. కాకినాడలో స్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడేవాణ్ని కాబట్టి ఆట తెలుసు. ఊరు మాత్రం పూర్తిగా కొత్త. చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, రోజంతా సన్నటి వాన. ఆఫీసు, అపార్ట్‌మెంట్ తప్ప ఇంకేమీ లేని ఆ రోజుల్లో మా టీమ్ లీడ్ ఒకాయన "ఒక టికెట్ ఎక్కువ ఉంది, వస్తావా" అని కీ అరీనాకు తీసుకెళ్లారు. స్పేస్ నీడిల్ పక్కనే ఉండే స్టేడియం అది. ఆ సీజన్‌లో రే అలెన్, రషార్డ్ లూయిస్ ఉన్న సోనిక్స్ 52 మ్యాచ్‌లు గెలిచింది. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో శాన్ ఆంటోనియో చేతిలో 4-2తో సిరీస్ ఓడింది. ఆ తర్వాత మా తెలుగు రూమ్మేట్స్ అందరం అలవాటు పడిపోయాం. అందరికంటే పై వరసలో చవక టికెట్లు కొనుక్కుని, ఒకే కారులో సర్దుకుని 520 బ్రిడ్జి మీదుగా వెళ్లేవాళ్లం. పులిహోర కారులోనే తినేసి లోపలికి పరుగెత్తేవాళ్లం.

1979లో సోనిక్స్ టైటిల్ గెలిచినప్పుడు మా లీడ్ చిన్నపిల్లాడు. లెన్నీ విల్కెన్స్ కోచ్‌గా, డెన్నిస్ జాన్సన్, గస్ విలియమ్స్, జాక్ సిక్మా ఉన్న ఆ టీమ్ గురించి ఆయన చెబుతుంటే సొంత బంధువుల గురించి చెబుతున్నట్టే ఉండేది. 1996లో గ్యారీ పేటన్, షాన్ కెంప్ కలిసి ఫైనల్స్‌కు తీసుకెళ్లి జోర్డాన్ ఉన్న షికాగో బుల్స్ చేతిలో ఓడిన కథ కూడా ఆయన దగ్గరే విన్నాను. సోనిక్స్ అనే పేరుకు మూలం బోయింగ్ తయారుచేయాలనుకున్న సూపర్‌సోనిక్ విమానం. ఆ ప్రాజెక్టు 1971లో రద్దయింది, పేరు మాత్రం టీమ్‌కు ఉండిపోయింది. ఎక్కడి నుంచో వచ్చిన నాలాంటివాడికి ఈ ఊరి చరిత్ర టీమ్ ద్వారానే తెలిసింది. దూరం నుంచి చూసేవాళ్లు "ఆట కోసం ఇంత బాధా" అని అడిగినప్పుడు నేను చెప్పే జవాబు ఇదే.

ఏం జరిగిందో క్లుప్తంగా చెప్తాను. 2001లో స్టార్‌బక్స్ హోవార్డ్ షుల్జ్ నాయకత్వంలోని గ్రూపు టీమ్‌ను కొన్నది. 2006లో క్లే బెన్నెట్ నాయకత్వంలోని ఓక్లహోమా సిటీ వ్యాపారులకు 35 కోట్ల డాలర్లకు అమ్మేసింది. కీ అరీనా చిన్నది, దాని మీద టీమ్‌కు వచ్చే ఆదాయం సరిపోదు, కొత్త అరీనా కావాలన్నది వాళ్ల వాదన. బేస్‌బాల్‌కు, అమెరికన్ ఫుట్‌బాల్‌కు అప్పటికే ప్రజల డబ్బు పెట్టి రెండు కొత్త స్టేడియాలు కట్టారు. జనం విసిగిపోయి ఉన్నారు. స్టేడియాలకు నగరం పెట్టే డబ్బుకు తగిన రాబడి రావాల్సిందేనంటూ 2006 నవంబరులో సియాటిల్ ఓటర్లు భారీ మెజారిటీతో తీర్పు ఇచ్చారు. రెంటన్‌లో 50 కోట్ల డాలర్ల అరీనా ప్రతిపాదన 2007లో రాష్ట్ర శాసనసభ ముందు ఆగిపోయింది. నేను హెచ్‌-1బి వీసా మీద ఉన్నవాణ్ని, నాకు ఓటు లేదు. ఉన్నా ఆ ఓటర్లతోనే ఉండేవాణ్నని ఇప్పటికీ అనుకుంటాను. టీమ్ మీద ఎంత ప్రేమ ఉన్నా, కోటీశ్వరుల వ్యాపారానికి బడి పిల్లల డబ్బు, రోడ్ల డబ్బు ఇమ్మని అడగడం నాకు నచ్చదు. ఈ విషయంలో మా గ్రూపులోనే గట్టి గొడవలయ్యాయి.

అసలు బాధ ఆఖరి సీజన్‌ది. టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2007 డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌గా కెవిన్ డ్యురాంట్ వచ్చాడు. అదే రోజు రే అలెన్‌ను బోస్టన్‌కు ఇచ్చేశారు, తర్వాత రషార్డ్ లూయిస్ ఒర్లాండో వెళ్లిపోయాడు. టీమ్ 20 గెలిచి 62 ఓడింది. ఓటములు పెద్ద విషయం కాదు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఎంత గొప్ప ఆటగాడు కాబోతున్నాడో కళ్ల ముందే కనిపిస్తోంది, అతను ఎదిగేది మా ఊళ్లో కాదని కూడా తెలిసిపోతోంది. ప్రతి బాస్కెట్‌కూ సంతోషం, వెంటనే కడుపులో ఏదో మెలి తిరిగినట్టు ఉండేది. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే రూకీ ఆఫ్ ది ఇయర్ అవార్డు అతనికే వచ్చింది.

2008 ఏప్రిల్ 13న కీ అరీనాలో చివరి మ్యాచ్. డల్లాస్ మావెరిక్స్ మీద 99-95తో గెలిచాం. "సేవ్ అవర్ సోనిక్స్" అని అరుపులు ఆగలేదు. డ్యురాంట్ చేతులు పైకెత్తి ఇంకా గట్టిగా అరవమన్నట్టు సైగ చేశాడు. మ్యాచ్ అయిపోయినా ఎవరూ లేవలేదు. మా పక్క సీటు పెద్దావిడ వెళ్తూ వెళ్తూ మా అందరి చేతులూ ఒక్కొక్కటిగా పట్టుకుని వెళ్లింది, ఆవిడ పేరు కూడా మాకు తెలియదు. అదే వారంలో ఈ టీమ్‌లన్నీ ఆడే లీగ్ అయిన ఎన్‌బీఏలోని టీమ్‌ల యజమానులు 28-2 ఓట్లతో తరలింపుకు ఒప్పుకున్నారు. వద్దన్నది డల్లాస్, పోర్ట్‌లాండ్ యజమానులు మాత్రమే. లీజు 2010 దాకా ఉందంటూ నగరం కోర్టుకు వెళ్లింది. విచారణ ముగిసి తీర్పు కోసం ఎదురుచూస్తుండగా జులై 2న రాజీ కుదిరింది. 4.5 కోట్ల డాలర్లు తీసుకుని నగరం లీజు వదులుకుంది. ఆ వార్త ఆఫీసులోనే తెలిసింది. మా లీడ్ ఏమీ మాట్లాడకుండా లేచి ఇంటికి వెళ్లిపోయారు.

ఇప్పుడు మీ ప్రశ్న, ఎలా తట్టుకున్నాం అని.

మొదట్లో తట్టుకోలేదు. రెండు మూడేళ్లు నేను ఎన్‌బీఏ చూడనే లేదు, అది సరైన పనే అనిపిస్తుంది ఇప్పటికీ. కోపం వచ్చినప్పుడు పక్కకు జరగడంలో తప్పులేదు. పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్‌ను పట్టుకోండి, మూడు గంటల డ్రైవే కదా అని చాలామంది సలహా ఇచ్చారు. ఇన్నేళ్లు పోటీపడిన టీమ్‌ను ఒక్క వేసవిలో సొంతం చేసుకోవడం నావల్ల కాలేదు. కొందరు చేశారు, వాళ్లను తప్పుపట్టను.

నిజంగా నిలబెట్టింది సియాటిల్ స్టార్మ్, మా మహిళల టీమ్. 2006 అమ్మకంలో సోనిక్స్‌తో పాటు స్టార్మ్ కూడా వెళ్లింది. కానీ 2008లో సియాటిల్‌కు చెందిన కొందరు మహిళలు కలిసి దాన్ని కొని ఊళ్లోనే ఉంచేశారు. ఈ విషయం సోనిక్స్ కథ చెప్పేవాళ్లు చాలామంది వదిలేస్తారు, నాకు అది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. అదే కీ అరీనా, అదే ఆట. స్యూ బర్డ్, లారెన్ జాక్సన్ 2010లో టైటిల్ గెలిచారు. తర్వాత 2018, 2020లో కూడా స్టార్మ్ గెలిచింది. మా అమ్మాయి బాస్కెట్‌బాల్ పట్టుకుంది స్యూ బర్డ్‌ను చూసే. టీమ్ పోయిన నగరంలో ఆట ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతకండి అని నేను అందరికీ చెప్తాను. ఇక్కడ హైస్కూల్ మ్యాచ్‌లున్నాయి, యూనివర్సిటీ టీమ్ ఉంది, మాజీ ఎన్‌బీఏ ఆటగాడు జమాల్ క్రాఫర్డ్ నడిపే వేసవి లీగ్ ఉంది. 2022 ఆగస్టులో లెబ్రాన్ జేమ్స్ ఆ లీగ్‌లో ఆడటానికి వస్తే జనం రాత్రి నుంచే లైన్ కట్టారు. జిమ్ లోపల ఉక్కకు ఫ్లోర్ తడిసిపోయి ఆట మధ్యలోనే ఆపేశారు, అయినా వచ్చినవాళ్లు ఆనందంగానే ఇళ్లకు వెళ్లారు.

ఆటగాళ్ల మీద కోపం పెట్టుకోవద్దు. డ్యురాంట్‌ను ఎవరూ అడగలేదు, అతను వెళ్లాల్సి వచ్చింది. 2012లో థండర్ ఫైనల్స్‌కు వెళ్లినప్పుడు అతని కోసం చూశాను, టీమ్ కోసం కాదు. ఆ టీమ్‌లో ఉన్న వెస్ట్‌బ్రూక్‌ను కూడా 2008 జూన్‌లో డ్రాఫ్ట్ చేసింది సియాటిలే, రాజీ కుదరడానికి కొన్ని రోజుల ముందు. మయామి గెలిచింది. నాకు బాధా వేయలేదు, సంతోషమూ వేయలేదు. 2018 అక్టోబరులో గోల్డెన్ స్టేట్, శాక్రమెంటో మధ్య ప్రీ-సీజన్ మ్యాచ్ కీ అరీనాలో జరిగింది. అప్పటికి గోల్డెన్ స్టేట్‌కు మారిన డ్యురాంట్ షాన్ కెంప్ జెర్సీ వేసుకుని కోర్టులోకి వచ్చాడు. ఆ రోజు వచ్చిన అరుపు నేను జన్మలో మరిచిపోను.

ఒక చోట మాత్రం మా మనసులు బాగా చీలిపోయాయి. 2013లో పెట్టుబడిదారుడు క్రిస్ హాన్సెన్, అప్పటి మైక్రోసాఫ్ట్ సీఈఓ స్టీవ్ బామర్ కలిసి శాక్రమెంటో కింగ్స్‌ను కొని సియాటిల్‌కు తేవాలని చూశారు. మా వాళ్లు సంబరపడ్డారు, మా లీడ్ కూడా. నాకు మాత్రం శాక్రమెంటో ఫ్యాన్స్ ముఖాలే గుర్తొచ్చాయి. మాకు జరిగింది వాళ్లకు జరగడం నాకు ఇష్టం లేదు. ఆ మాట అన్నందుకు ఆయన కొన్నాళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. చివరికి లీగ్ 22-8తో తరలింపును తిరస్కరించింది, వివేక్ రణదివే గ్రూపు కింగ్స్‌ను కొని అక్కడే ఉంచింది. ఇప్పుడు మా లీడ్ కూడా అది అలా జరగడమే మంచిదైందని అంటారు. వస్తే కొత్త టీమ్ రావాలి, ఇంకో ఊరి కొంప కూల్చి కాదు.

మనవాళ్లు దీన్ని డెక్కన్ ఛార్జర్స్‌తో పోలుస్తుంటారు. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో ఐపీఎల్ గెలిచిన టీమ్‌ను 2012లో రద్దు చేసినప్పుడు హైదరాబాద్‌లో మా అన్నయ్య చాలా బాధపడ్డాడు. కానీ మరుసటి సీజన్‌కే సన్‌రైజర్స్ వచ్చింది. పైగా ఛార్జర్స్ ఆగిపోయింది, వేరే ఊళ్లో గెలుస్తూ కనిపించలేదు. మాకు ఆ రెండోదే కష్టం. 2025లో థండర్ టైటిల్ గెలిచింది, రికార్డుల్లో అది ఫ్రాంచైజీ రెండో టైటిల్, మొదటిది 1979 నాటి మాదే. ఆ లెక్క చూసినప్పుడు ఇన్నేళ్ల తర్వాత కూడా ఒళ్లు మండింది.

కీ అరీనాను 1962 నాటి పైకప్పు అలాగే ఉంచి కొత్తగా కట్టారు, ఇప్పుడది క్లైమేట్ ప్లెడ్జ్ అరీనా. 2021 నుంచి అక్కడ హాకీ టీమ్ క్రాకెన్ ఆడుతోంది. ఎన్‌బీఏ విస్తరణ మాట వచ్చినప్పుడల్లా లాస్ వేగస్‌తో పాటు సియాటిల్ పేరు వినిపిస్తోంది. కొత్త టీమ్ వస్తే దానికి సోనిక్స్ అనే పేరూ, ఆకుపచ్చ, బంగారు రంగులూ వాడుకునే దారి ఉంది, ఎందుకంటే 2008 రాజీలో నగరం వాటిని సియాటిల్ కోసం అట్టిపెట్టుకుంది. డబ్బు కంటే అదే మాకు దక్కిన మంచి పని.

అందుకే, మీ ఊరి టీమ్ గురించే అడుగుతున్నట్టయితే, ఒక పని ఇప్పుడే చేయండి. రాజీ మీద సంతకాలు పడకముందే మీ సిటీ కౌన్సిల్‌కు రాయండి, తోటి ఫ్యాన్స్‌తో రాయించండి. పేరు, రంగులు, బ్యానర్లు, ట్రోఫీలు ఊళ్లోనే ఉండాలని ఒప్పందంలో రాయించమని అడగండి. టీమ్ వెళ్లిపోయాక అడిగితే వినేవాళ్లు ఉండరు. మిగిలిన మ్యాచ్‌లకు వీలైనన్నిటికీ వెళ్లండి, పిల్లలుంటే వాళ్లనూ తీసుకెళ్లండి.