విని నేర్చుకునే పిల్లాడికి మీథేన్ ఎలా చెప్పాలి?

"కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారంటారు కదా, ఎవరికి తగ్గట్టు వాళ్లకి కెమిస్ట్రీ ట్యూషన్ ఎలా మార్చి చెప్పాలి?" అని అడిగారు. ఇంటర్ పిల్లలకు ఇళ్లకెళ్లి ట్యూషన్ చెప్పేవాణ్ణి. నన్నడిగితే పిల్లాణ్ణి బట్టి కాదు, పాఠాన్ని బట్టి మార్చాలి.

విజయవాడలో ఓ బైపీసీ అబ్బాయికి కాలేజీలో ప్రత్యేకంగా ఫీజు కట్టించుకుని ఏదో టెస్ట్ పెట్టి, "ఆడిటరీ లెర్నర్" అని కాగితం ఇచ్చారు. వాళ్లమ్మగారు అది నాకు చూపించి, "వీడికి వింటేనే ఎక్కుతుందండీ, మీ పాఠాలు రికార్డు చేసుకుంటాం" అన్నారు. సరేనన్నాను. ఎస్‌పీ3 హైబ్రిడైజేషన్, అంటే కార్బన్ నాలుగు బాండ్లు ఎలా కడుతుందో అడిగితే గడగడా అప్పజెప్పేశాడు. మీథేన్ (ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు) బొమ్మ గీయరా అంటే ప్లస్ గుర్తు గీసి నాలుగు చివర్లా హైడ్రోజన్లు పెట్టాడు.

"బాండ్ యాంగిల్, అదే రెండు బాండ్ల మధ్య కోణం, ఎంత?"

"109.5 సార్."

"నువ్వు గీసిన దాంట్లో?"

"...తొంభై."

వంటింట్లోంచి చపాతీ పిండి ముద్ద, అగరుబత్తి పుల్లలు తెప్పించాను. ముద్ద కార్బన్, పుల్లలు బాండ్లు. నాలుగు పుల్లల్నీ ఒకదానికొకటి వీలైనంత దూరంగా గుచ్చమంటే, మళ్లీ బల్ల మీద పరిచినట్టే గుచ్చాడు. "పైకి లేపకూడదని ఎవరన్నారు?" అన్నాను. కాసేపు కుస్తీ పట్టి, "సార్, ఒకటి పైకి పెట్టి మూడు కిందికి వంచితే ఇంకా దూరం జరుగుతున్నాయి!" అన్నాడు. ఒక పుల్ల తీసేసి, అక్కడ లోన్ పెయిర్ (బాండ్‌లో చేరని ఎలక్ట్రాన్ల జంట) ఉందనుకో, అది ఇంకాస్త గట్టిగా నెడుతుంది అన్నాను. అమ్మోనియాలో 107, నీటిలో 104.5 ఎందుకో వాడే చెప్పేశాడు.

"అయితే మావాడు చేసి నేర్చుకునే రకమన్నమాట!" అన్నారు వాళ్లమ్మగారు. కాదండీ. ఆకారమున్న పాఠం ఎవరైనా చేత్తో తిప్పి చూడాల్సిందే. బరువును బట్టి అణువుల సంఖ్య లెక్కగట్టే మోల్ కాన్సెప్ట్ దగ్గర అదే పిల్లాడికి పిండి ముద్ద ఎందుకూ పనికిరాలేదు. 18 గ్రాముల నీళ్లలో 6.022×10²³ అణువులుంటే 4.5 గ్రాముల్లో ఎన్ని అంటే, పెన్ను పట్టి లెక్కలు చేయడమే. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు పరిశోధనలన్నీ తిరగేసి, లెర్నింగ్ స్టైల్‌ని, అంటే చూసో వినో చేసో నేర్చుకునే రకాన్ని బట్టి చెబితే ఎక్కువ వస్తుందనడానికి తగిన ఆధారాల్లేవని తేల్చారు. వాళ్లు మర్యాదగా చెప్పారు. నేనైతే శుద్ధ దండగంటాను.

ఇక ల్యాబ్ సంగతి. ఆ కాలేజీలో ప్రాక్టికల్స్ దగ్గర పడితేగానీ ల్యాబ్ తాళం తీయరు. రికార్డంతా సీనియర్లది చూసి ఎక్కించడమే. నైట్రేట్ ఉంటే గోధుమరంగు రింగ్ కనిపించే బ్రౌన్ రింగ్ టెస్ట్ గురించి పేజీ నిండా రాసే పిల్లాడు ఆ రింగ్ ఒక్కసారీ కళ్లతో చూసి ఉండడు. లెర్నింగ్ స్టైల్ టెస్ట్‌కి వసూలు చేసిన డబ్బుతో ఆ రింగ్ టెస్ట్‌కి కావాల్సిన ఫెర్రస్ సల్ఫేట్ కాస్త కొనొచ్చు కదా.