సొట్టబిందె మాట్లాడితే నవ్వెందుకొస్తుంది?

ప్రాణం లేని వస్తువు ఫొటో కింద ఒక చిలిపి మాట రాస్తే అంత నవ్వెందుకొస్తుందని అడిగారు. తిరుపతిలో ఒక పత్రిక జిల్లా డెస్కులో ఫొటో రైటప్‌లు, అంటే ఫొటో కింద వేసే మాటలు, రాసినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ఒక ఎండాకాలం చిత్తూరు నుంచి ఫొటో వచ్చింది. ట్యాంకరు వస్తుందని వీధిలో బిందెలు బారుగా పెట్టి, ఆడవాళ్లు నీడకు వెళ్లిపోయారు. నడుమ ఒక సొట్టబిందె మాత్రం వరస తప్పి కాస్త పక్కకు ఒరిగి ఉంది. 'నీటి కోసం ఎదురుచూపులు' అని రాస్తే సంగతి తెలుస్తుంది, అంతే. మా డెస్కులో ఒకాయన ఆ సొట్టబిందెను చూసి, అదే అంటున్నట్టు, "అక్కా, నేను పొద్దన్నించి ఈడే ఉండా. కావాలంటే ఆ పచ్చబిందెనడుగు!" అన్నాడు. డెస్కంతా గొల్లున నవ్వింది.

ఆ బిందెకు సొట్ట సరిగ్గా నడుం దగ్గర పడింది. చెయ్యి నడుం మీద పెట్టుకుని తగాదాకి నిలబడ్డట్టే ఉంది. మా అందరి కళ్లూ దాన్ని అప్పటికే పట్టేశాయి, పైకి ఎవరూ అనలేదు. ఆయన మాట దాన్ని బయటికి లాగింది. ఇక సాక్ష్యానికి పచ్చబిందెను పిలవడం ఉంది చూశారూ, అసలు నవ్వు అక్కడే. క్యూలో గొడవైతే మనం చేసే మొదటి పని పక్కవాళ్లను సాక్ష్యానికి లాగడమే. పచ్చబిందె నోరు మెదపదు, అచ్చం ఆ గొడవలో ఇరుక్కోవడం ఇష్టంలేని మనిషిలాగే!

లేని మనిషిని చూడటం మన మెదడుకు అలవాటు. రెండు చుక్కలు, కింద ఒక గీత కనిపిస్తే చాలు, సెకనులో ఐదో వంతు గడవకముందే ముఖంగా పోల్చుకుంటుంది. దీన్ని పారిడోలియా అంటారు. తిరుమల ఘాట్ రోడ్డులో కొండ అంచున గరుడుడి ముఖంలా కనిపించే రాయికి దండం పెట్టుకునేది ఈ చూపుతోనే. ముఖం కూడా అక్కర్లేదు. 1944లో ఫ్రిట్జ్ హైదర్, మరియాన్ సిమెల్ అనే మనస్తత్వవేత్తలు రెండు త్రిభుజాలు, ఒక వృత్తం అటూ ఇటూ కదిలే చిన్న చిత్రం చూపించి ఏం జరిగిందో రాయమంటే, ఒక్కరు తప్ప అందరూ ప్రాణమున్నవాటి కథే రాశారు. పెద్ద త్రిభుజం దౌర్జన్యం చేస్తోందట! మనకిది కొత్తేం కాదు. ఏడు చేపల కథలో "గడ్డిమోపూ గడ్డిమోపూ, ఎందుకు అడ్డమొచ్చావ్?" అంటే అది తడుముకోకుండా ఆవు మీదికి నెట్టేస్తుంది. తప్పు పక్కవాళ్ల మీదికి తోసే గుణం మనదని పిల్లలకు కూడా తెలుసు కాబట్టే ఆ కథకు అంత నవ్వు.

ఇంకో సంగతి. బిందె నోట ఆ మాట పెడితే ఏ అక్కా నొచ్చుకోదు. అదే ఫొటోలో నిజంగా నడుం మీద చెయ్యి పెట్టుకున్న మనిషి ఉంటే, ఆ వాక్యం ఆమెను వెక్కిరించినట్టే. నేనైతే రాయను. వస్తువు మనిషికి బదులు నిలబడుతుంది గనకే, ప్రమాదం జరిగిన చోట పడున్న చెప్పుల ఫొటో చూస్తే గుండె పిండేస్తుంది. అలాంటి ఫొటో కింద ఊరు, వేళ తప్ప ఒక్క మాట ఎక్కువ రాయకూడదని మా డెస్కులో గట్టిగా పట్టుబట్టేవాణ్ని.

మీరూ రాయాలనుకుంటే ముందు ఫొటోను నిదానంగా చూడండి. సొట్టో, ఒరుగో, విరిగిన కాలో, ఆ వస్తువుకే ఉన్నదాన్ని పట్టుకోండి. మాట మీ ఊరి యాసలో ఉండనివ్వండి, 'ఈడే ఉండా' తీసేసి 'ఇక్కడే ఉన్నాను' అని పెడితే సగం పస పోతుంది. పక్కనే నిటారుగా ఉన్న స్టీలు బిందె చేత అదే మాట అనిపించి చూడండి, ఎవరూ నవ్వరు.