ఆటోక్రాస్ (టైము చూసి నడిపే మలుపుల ట్రాక్ పోటీ) మలుపుల్లో సీట్లో జారిపోతుంటే స్విఫ్ట్‌కి ఫోర్ పాయింట్ హార్నెస్ (నాలుగు చోట్ల బిగించే రేసింగ్ బెల్టు) వేయించాలా?

వద్దండి. రోల్ కేజ్ (బోల్తాపడినా రూఫ్ కుంగకుండా లోపల వేసే ఉక్కు చట్రం) లేని కారులో కంపెనీ సీటుకే ఆన్‌లైన్ హార్నెస్ కడితే జారడం తగ్గుతుంది గానీ, గుద్దుకుంటే మాత్రం ఇప్పుడున్న బెల్టే నయం. భుజాల పట్టీలు నడుం పట్టీని పైకి లాగుతాయి. అది తుంటి ఎముకల మీంచి లేచి పొట్టలోకి దిగుతుంది, మనిషి పట్టీ కిందనుంచి జారతాడు. సిక్స్ పాయింట్ హార్నెస్‌లో కాళ్ల మధ్య కూడా పట్టీలు ఉండేది అందుకే, ఫోర్ పాయింట్‌లో అవి ఉండవు. పైగా చాలామంది భుజాల పట్టీలను తీసుకెళ్లి వెనకసీటు బెల్టు బోల్టులకి కట్టేస్తారు. ఆ పట్టీల వాలు 45 డిగ్రీలు దాటకూడదని ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ) నియమం, 10 లోపుంటే మేలు. నిటారుగా దిగితే ఆ లాగుడంతా వెన్నుపూసను నొక్కుతుంది. కారు బోల్తాపడి రూఫ్ కుంగితే, హార్నెస్‌లో ఒళ్లు పక్కకి వాలి తప్పించుకోలేదు.

సీటుకి రెక్సిన్ కవరుంటే ముందు అది తీసేయండి. సగం జారుడు దానివల్లే. మామూలు రోడ్డు టైర్లమీద 0.8 జి (భూమి ఆకర్షణలో 0.8 వంతు) మలుపంటే 70 కిలోల మనిషిని 56 కిలోల బలం పక్కకి తోస్తుంది. స్టీరింగ్ పట్టుకుని వేలాడితే ముందు టైర్ల పట్టు ఎప్పుడు వదులుతోందో చేతికి తెలియదు.

తర్వాత బెల్టు. సీటు రెండు మూడు గాట్లు వెనక్కి జరిపి బెల్టు పెట్టుకోండి. నడుం పట్టీని పొట్ట కిందకి, తొడల మొదట్లోకి దింపి, బకుల్ దగ్గర పట్టీని పైకి లాగి బిగించండి. భుజం దగ్గర ఒక్కసారి జెర్క్ ఇస్తే రీల్ లాక్ అవుతుంది. ఆ బిగువు వదలకుండా సీటు ముందుకి జరపండి, బెల్టు ఛాతీకి అతుక్కుపోతుంది. సీటు గాట్లో పడిందో లేదో ఊపి చూడడం మర్చిపోవద్దు, బ్రేక్ మీద సీటు కదిలితే అంతకంటే ఘోరం లేదు. బిగువు కాస్త సడలినా లాక్ ఊడుతుంది కాబట్టి ప్రతి రన్‌కీ మళ్లీ చేయాల్సిందే.

ఎడమ కాలు క్లచ్ మీద పనిలేనప్పుడు డెడ్ పెడల్‌కి (క్లచ్ పక్కన కాలు ఆన్చే పలక) తన్నిపెట్టి ఉంచండి. కుడి మోకాలు డోరుకి ఆనేచోట అంగుళం మందం ఫోమ్ అతికిస్తే చాలు. ఇంకా మందమైతే యాక్సిలరేటర్ నుంచి బ్రేక్‌కి పాదం తిరగదు. ఫ్లోర్ మ్యాట్, నీళ్ల బాటిల్ బయటే.

ఇంతకంటే సీరియస్‌గా దిగాలంటే రోల్ కేజ్, బకెట్ సీటు (ఒంటిని రెండు పక్కలా పట్టే రేసింగ్ సీటు), సిక్స్ పాయింట్ హార్నెస్, హాన్స్ (హెల్మెట్‌ని పట్టి ఉంచి మెడను కాపాడే పరికరం) నాలుగూ కలిపే వేయించండి. హాన్స్ లేకపోతే ఛాతీ ఆగుతుంది, హెల్మెట్ బరువుతో తల ఆగదు, మెడ మీద పడుతుంది. కొత్తగా బోల్టు వేసే ప్రతిచోటా కింద కనీసం 3 మి.మీ. మందం, 40 చదరపు సెం.మీ. స్టీల్ ప్లేటు ఉండాలి, ఉత్తి వాషర్ రేకును చీల్చుకుని వచ్చేస్తుంది. సెకండ్ హ్యాండ్ హార్నెస్ కొంటే పట్టీ మీద కుట్టిన లేబుల్‌లో గడువు తేదీ చూసే డబ్బులివ్వండి.