పర్లెరెబ్బె: ఇటాలియన్ కండిషనల్ క్రియను లైను చివర ఎక్కడ విరవాలి?

పర్లెరెబ్బె (వీలుంటే మాట్లాడతాడు) అనే మాటను పర్ల్-ఎ-ర్-ఎబ్బె అని విడదీసి, హైఫన్ కూడా అక్కడే ఎందుకు పెట్టకూడదని అడిగారు. మీరు విడదీసింది పద నిర్మాణం. హైఫన్ సిలబుల్ చూసి పడుతుంది: పర్-లె-రెబ్-బె. రెండు కోతలూ 'లె' తర్వాత ఒక్కచోటే కలుస్తాయి.

నిర్మాణం మాత్రం మీరు సరిగ్గానే పట్టుకున్నారు. మూలరూపం పర్లారె (మాట్లాడటం)లోని 'ఆ' ఇక్కడ 'ఎ' అవుతుంది (దారె (ఇవ్వడం), ఫారె (చేయడం), స్తారె (ఉండటం)ల్లో మారదు: 'నేను' రూపాలు దరెయ్, ఫరెయ్, స్తరెయ్). ఆ తర్వాత మూలరూపంలోని 'ర్'. చివరి 'ఎబ్బె' అవేరె (కలిగి ఉండటం) క్రియ భూతకాల రూపమే, వచ్చి అతుక్కుంది. బహువచనంలో ఎబ్బెరొ కూడా అంతే.

సిలబుల్ దగ్గర మన లిపి కాస్త మోసం చేస్తుంది. తెలుగులో రె-బ్బె అని రాస్తాం కాబట్టి రెండు 'బ'లూ కింది లైనుకి వెళ్లాలనిపిస్తుంది. ఛందస్సు గుర్తుచేసుకోండి: ద్విత్వానికి ముందున్న 'రె' గురువు. అంటే మొదటి 'బ్' దానిదే. 'మేము' రూపంలోని రెమ్-మొ కూడా ఇంతే. ఇక్కడ పొరబడితే అర్థమే మారుతుంది: పర్లెరేమొ (ఒకే మ, 'ఏ' దీర్ఘం) అంటే మాట్లాడతాం, పర్లెరెమ్మొ అంటే వీలుంటే మాట్లాడతాం.

'నువ్వు' రూపంలోని 'స్తి' విషయంలో మాత్రం మన లిపిని నమ్మొచ్చు: పర్-లె-రె-స్తి. రెస్-తి అని విరిస్తే ఇటాలియన్‌లో తప్పు. 'ర్'కి ముందున్న అచ్చు జారిపోయిన క్రియల 'నేను' రూపాల్లోనూ అంతే: అ-వ్రెయ్, పొ-త్రెయ్, అన్-ద్రెయ్. కానీ వెనీరె (రావడం), వొలేరె (కోరడం)ల్లో అచ్చు పోగానే న్, ల్ పక్కనున్న 'ర'లో కలిసిపోయి ద్విత్వం అయ్యాయి: వెర్-రెయ్, వొర్-రెయ్. వొర్రెయ్‌ని ఒకే 'ర'తో రాయడం నేర్చుకునేవాళ్లు తరచూ చేసే పొరపాటు.

'నేను' రూపం చివరి 'రెయ్'ని రె-ఇ అని రెండుగా లెక్కపెట్టొద్దు, అది ఒకటే సిలబుల్. తెలుగులో 'రెయి' అని రాసుకునేవాళ్లకి ఈ లెక్క తప్పుతుంది.

ఊనిక (పలికేటప్పుడు పడే ఒత్తు) ఎప్పుడూ మూలరూపం నుంచి వచ్చిన 'ర్' తర్వాతి అచ్చు మీదే. చివర 'రొ' చేరినా కదలదు. చప్పట్లు కొట్టి చూడండి: పర్-లె-రెబ్-బె-రొ. గట్టి చప్పట మూడోదానికి పడాలి, నాలుగోదానికి కాదు.